ఈటె బంటు వంతు

వచ్చే వసంతంలోనట. తేదీ చెప్పలేదు.
ఒక కోట, ఒక మంచుకొండ,
ముప్పై సెకన్ల సంగీతం వదిలారు, అంతే.
పదకొండుసార్లు చూశాను.
కుడి మూల, ఎవరి కన్నూ పడని చోట,
గడ్డివాము పక్కన ఏదో నిలబడి ఉంది.
"వాడున్నాడేమో చూడు త్రూదా" అన్నాడు ఆలోయిజ్.

జాబ్‌జె ఊళ్లో గనివాళ్ల ఎర్ర ఇటుకల వరసలో
మేం కింద, ఆయన పైన.
గని మూసి చేతిలో పెట్టిన డబ్బుతో
ఒకడు కారు కొన్నాడు, ఒకడు బారు పెట్టి మునిగాడు,
ఆలోయిజ్ కంప్యూటర్ కొన్నాడు.
ఎందుకో ఆయనకే తెలీదు.
రాత్రిళ్లు దానికి దుప్పటి కప్పేవాడు.

కుర్చీ ఒకటే. వంతు ఎవరిదైతే వాళ్లదే కుర్చీ.
మిగతా ఇద్దరూ వంటింట్లోకి పోయి
కిటికీలోంచి గని చక్రాన్ని చూస్తూ నిలబడాలి.
తొంగిచూస్తే వారం బంగారం జరిమానా.
ఆ చక్రం అప్పటికే తిరగడం మానేసింది,
చూడ్డానికేం లేదు.

యోఖిమ్ వంతు రెండు నిమిషాలు.
డ్రాగన్లు కొంటాడు, తగలబెడతాడు, తనూ తగలబడతాడు.
నాది పది.
ఆలోయిజ్‌ది మాత్రం
సూపు ఉడికి, చల్లారి, మళ్లీ పొయ్యెక్కేదాకా.
ఆలస్యం అమృతం విషమంటారు,
ఆయన చేతిలో విషం కూడా చల్లారిపోయేది.
"ఏం చేస్తున్నావయ్యా లోపల?"
"వింటున్నా."
భూమి కింద అడుగేసే ముందు పైకప్పుని వినాలట.
దూలం మూలుగుతుంటే మంచిదేనట,
అది నీతో మాట్లాడుతున్నట్టు.
ఊరుకుందంటే పరుగెత్తాలట.

దేవదూతలున్నా, నల్ల డ్రాగన్లున్నా
ఆయన సైన్యంలో ఏడు గదుల్లో ఒకటి ఈటె బంటుది.
ఒక్కడే. ఒక్క దెబ్బకి పోయేవాడు.
"ఎరగా వెయ్యి, అందరూ అదే చేస్తారు" అన్నాడు యోఖిమ్.
ఆలోయిజ్ కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.
"అవును. అందరూ అదే చేస్తారు."
ఇంకేం అనలేదు.
ప్రతి పోరులోనూ వాణ్ణి వెనక మూల నిలబెట్టి
ఇసుక గడియారం బొత్తాం నొక్కేవాడు: ఆగు.
మళ్లీ వాడి వంతొస్తే, ఆగు.
ఓటమి ఖాయమని తెలిశాక
ఉన్న బంగారమంతా పోసి లొంగిపోయేవాడు.
కోటలు పోయేవి. బంటు ఇంటికొచ్చేవాడు.

తర్వాత నాలుగో భాగం, అయిదు, ఆరు.
బొమ్మలు నున్నబడ్డాయి, గుర్రాలకి నీడలొచ్చాయి.
ఒక భాగంలో వంతులే తీసేశారు,
అందరూ ఒకేసారి పరుగు.
ఒక్క సాయంత్రం ఆడి మూసేశాడు.
"ఇది షిఫ్టు పని. ముప్పై ఏళ్లు చేశాను, జీతానికి."

ఇప్పుడు యోఖిమ్ డోర్ట్‌మండ్‌లో లారీలకి సరుకెక్కిస్తాడు.
నేను ట్రామ్ నడుపుతాను;
స్టాపుకీ స్టాపుకీ మధ్య నా సెకన్లు లెక్కపెట్టే
పెట్టె ఒకటుంది తల పక్కన.
పాత ఆట మాత్రం సాగుతూనే ఉంది.
ఫైలు యోఖిమ్ నాకు పంపుతాడు, నేను పైకి పంపుతాను.
నెల పద్నాలుగు, వారం రెండు.
ఆలోయిజ్ వంతు ఈమధ్య మూడు వారాలు పడుతోంది.
ఎవరం తొందరపెట్టం.
మెట్లెక్కేటప్పుడు గోడకి చెవి పెడతాను:
దగ్గు వినిపిస్తే మంచిదే.

నిన్న అడిగాడు,
"కొత్తదాంట్లో గడియారం పెడతారా?"
పెడతారట, కావాలంటే.
"వద్దంటే?"
ఆపేసుకోవచ్చట.
తలూపి, గొట్టం సర్దుకుని,
"మరి వాడు?" అన్నాడు.

బొమ్మని పెద్దది చేశాను, ఇంకా పెద్దది చేశాను.
గడ్డివాము పక్కనున్నది
ఈటె పట్టిన మనిషిలాగానూ ఉంది,
కంచె గుంజలాగానూ ఉంది.
ఉన్నాడన్నాను.
ఆట ఇంకా తయారవుతూనే ఉందిగా,
మనిషి కావడానికి వాడికి బోలెడు టైముంది.